ఉస్తానమ్మ పిలిచే వరుస

మా ఉస్తానమ్మ చనిపోయిన సంగతి నాకు ఆమె బడి గుమ్మంలోనే తెలిసింది. భుజం మీద ఇసుక సంచి ఉంది. దాన్ని ఇంకా దించలేదు. మా అత్త పాలబకెట్ పట్టుకుని ఎదురొచ్చి, నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"నీకు ఎవ్వలు చెప్పలేదా అల్లుడా?" అంది.

"ఏంది?"

"ఉస్తానమ్మ వోయింది. మొన్న బుధవారం. పొద్దుగాల లేస్తనే చెయ్యి గుంజుతున్నదన్నది. మీ మామ టాంగా పిలుసుకొచ్చిండు. దవాఖానకు తీస్కపోతుంటే నయాపూల్ మీద్నే పాణం వోయింది."

ఆ పూల్ మీదినుంచే నేను అప్పుడు నడిచి వచ్చాను. గౌలిగూడలో బస్సు దిగాను. ఇసుక బరువుకి భుజాలు మార్చుకుంటూ నడిచి, పూల్ నడుమ సంచిని గోడకు ఆనించి కాసేపు నిలబడ్డాను కూడా. కింద మూసీ సన్నగా పారుతోంది. ఉస్తానమ్మ ముందు ఎక్కడ మొదలుపెట్టాలి, పిల్లలకు ఏం చెప్పాలి అని మాటలు కూర్చుకుంటూ నిలబడ్డాను. పత్తర్‌గట్టి దాటి, చార్మినార్ కిందుగా శాలిబండ చేరేవరకు ఆ మాటలే తిరగేసుకున్నాను. ఆమెకు మట్టి చేసి అప్పటికే రెండు రోజులయింది.

ఇసుక ఆమె అడిగిందే, పిల్లలు పళ్ళెంలో పోసి వేళ్ళతో రాసుకోవడానికి. మూసీ ఇసుకలో గాజుపెంకులు వస్తాయి, పిల్లల వేళ్ళు కోసుకుంటాయి, మీ ఊరి వాగు ఇసుక మెత్తగా ఉంటుంది కదా, జల్లెడ పట్టి తెమ్మని మా మామతో కబురు పంపింది. మామ గడ్డి బేరానికి మా ఊరు వచ్చినప్పుడు ఆ కబురు చెప్పాడు. ఇంకో కబురు కూడా చెప్పాడు. అది తర్వాత రాస్తాను.

ఉస్తానీ అంటే ఉర్దూలో చదువు చెప్పే ఆడమనిషి. దానికి మేము అమ్మను కలుపుకున్నాం. ఆమె పేరు మా అందరికీ తెలుసు, కానీ ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు శాలిబండలో లేరు. అందుకే ఇక్కడా రాయడం లేదు. మెదక్ వైపునుంచి వచ్చిన క్రైస్తవురాలు. మద్రాసు వెళ్ళి ఈ చదువు పద్ధతి నేర్చుకుని వచ్చింది. మాంటిసోరీ పద్ధతి అంటారని నాకు పెద్దయ్యాక తెలిసింది. మా గల్లీలో మాత్రం అది చాపల బడి. అంతకు మించి తన గురించి ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

మా మేనమామకు శాలిబండలో బర్రెలున్నాయి. ఇంటి వెనక కొట్టం, నడుమ వాకిలి, వీధి వైపు పొడుగాటి గది. ఆ గదినే ఉస్తానమ్మ కిరాయికి తీసుకుంది. వాకిలి పక్కన గల్లీలోకి చిన్న దర్వాజ. పిల్లలు దాని గుండానే వచ్చేవారు. ఆమెతోపాటు ఒక ఆయా ఉండేది. పిల్లల కాళ్ళు కడగడం, కుండలో నీళ్ళు నింపడం, చాపలు ఎండలో వేయడం ఆమె పని. మేము ఆయాబీ అనేవాళ్ళం. ఆమె ఎక్కువగా మాట్లాడేది కాదు.

మా ఊళ్ళో బడి లేక నన్ను మామ ఇంట్లో ఉంచారు. ఊళ్ళో నా పని జొన్నచేను మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడం. గొంతు అట్లాగే తయారైంది. నీళ్ళు కావాలన్నా మూడు ఇళ్ళకు వినబడేట్టు అడిగేవాణ్ణి. కొట్టంలో బర్రెల కాళ్ళ నడుమ తిరుగుతుంటే భరించలేక మా అత్త నన్ను రెక్క పట్టుకుని ముందుగదిలోకి తీసుకుపోయింది.

"అమ్మా, వీన్ని గూడ కూసోబెట్టుకో. వీని లొల్లికి బర్రెలు పాలిస్త లేవు" అంది.

ఉస్తానమ్మ నన్ను కూర్చోమనలేదు, లేవమనలేదు. లోపల పిల్లలు ఎవరి చాప మీద వాళ్ళు ఏదో చేసుకుంటున్నారు. ఒకడు గులాబీరంగు చెక్కదిమ్మెల్ని పెద్దదాని మీద చిన్నది పేరుస్తున్నాడు. ఒకమ్మాయి గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద రెండువేళ్ళు పెట్టి రాస్తోంది. ఎవరూ నా వైపు చూడలేదు. నేను కొన్నాళ్ళు గోడకు ఆనుకుని అట్లాగే నిలబడ్డాను. ఒకనాడు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, రెండు చిన్న చెంబులున్న పళ్ళెం తీసుకుని ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. సగం కింద పోయింది. దెబ్బ పడుతుందని తల వంచుకున్నాను. ఉస్తానమ్మ నడిచి వచ్చి ఒక తడిగుడ్డ నా పక్కన పెట్టి పోయింది. అంతే.

తర్వాత నేను అడిగాను, సరిగ్గా పోశానా అని.

"నన్ను అడుగుతవేంది? నీళ్ళనడుగు" అంది. "కింద పడ్డదా? పడ్డది. మల్ల పొయ్యి. నీళ్ళే చెప్తయి."

ఆమె గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు ఎవరినీ కేక వేసి పిలిచేది కాదు. మోకాలు నొప్పి ఉండేది. అయినా లేచి, మా దగ్గరకు నడిచి వచ్చి, గోడ పట్టుకుని కూర్చుని, చెవి దగ్గర చెప్పేది. ఏ వస్తువునైనా రెండు చేతులతో పట్టుకునేది, అది చిన్న చెక్కముక్కయినా సరే. చాయ్ సాసర్లో పోసుకుని తాగేది. తాగేటప్పుడు ఎవరైనా వచ్చి పక్కన నిలబడితే సాసర్ కింద పెట్టేసేది. ఆ చాయ్ చల్లారిపోయేది. ఆమె వేడి చాయ్ పూర్తిగా తాగడం నేను చూసిన గుర్తు లేదు.

ఆ గదిలో ప్రతి వస్తువూ ఒక్కటే ఉండేది. శాలిబండ వడ్లాయన పాత దర్వాజాల చెక్కతో చేసిచ్చినవి. రెండోది చేయించే స్తోమత లేక అనుకునేవాణ్ణి. కాదు, అదే పద్ధతి. ఒకనాడు నేను దేశాల పటం ముక్కలు వేరే పిల్లవాడి చాపమీదినుంచి గుంజుకున్నాను. ఉస్తానమ్మ తిట్టలేదు. ముక్కలు వాడికి తిరిగి ఇచ్చి, నన్ను ఆ చాప అంచు పక్కన కూర్చోబెట్టింది.

"అడగొద్దు. గుంజొద్దు. కూసొని చూడు. వాడు జాగల పెట్టినంక అది నీదే."

వాడు కావాలనే మెల్లగా పెట్టాడు. నేను చూస్తూ కూర్చున్నాను. వాడు ముక్కలన్నీ జాగాలో పెట్టేసరికి, ఏ దేశం పక్కన ఏ దేశం ఉంటుందో నాకు కూడా తెలిసిపోయింది.

ఆమె బడిలో అన్నిటికంటే నాకు కష్టమైంది నిశ్శబ్దం ఆట. పిల్లలందరూ కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఉస్తానమ్మ వాకిట్లోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసి, పీట మీద కూర్చుని ఒక్కొక్కరి పేరు ఊపిరితో పిలిచేది. పేరు విన్నవాళ్ళు చప్పుడు కాకుండా లేచి బయటికి రావాలి. పిలవనివాళ్ళు కదలకూడదు. ఆమె పిలుపు గాలి తలుపు సందులోంచి వచ్చినట్టు ఉండేది.

ఆ ఆటకు శత్రువు మా అత్త. సరిగ్గా అప్పుడే ఆమె బకెట్లు కడుగుతూ పిడి ఠంగుమని వేసేది.

"ఒక్క ఘడియ ఆగరాదమ్మా" అని ఉస్తానమ్మ బతిమాలేది.

"నేనాగుత. బర్రెలాగుతయా? వాటికి మీ నిశ్శబ్దం ఏమెరుక?" అని అత్త ఇంకో బకెట్ బోర్లించేది.

ఈ తగవు నేను పోయినప్పుడల్లా వింటూనే ఉన్నాను. అత్త ఒక్కసారి కూడా తగ్గలేదు.

మొదట్లో నాకు ఊపిరాడేది కాదు. కూర్చుంటే దురద, దగ్గు, నవ్వు. నన్ను ఎప్పుడూ చివరికి పిలిచేది. శిక్ష అనుకునేవాణ్ణి. ఒకనాడు కళ్ళు మూసుకుని కూర్చుంటే బర్రె తోకతో ఈగల్ని కొట్టుకోవడం వినబడింది. కుండ కింద చుక్క పడటం వినబడింది. చార్మినార్ వైపునుంచి టాంగా గంట వినబడింది. ఈ చప్పుళ్ళన్నీ ఇంతకాలం ఎక్కడున్నాయని ఆశ్చర్యపోయాను. ఆ సాయంత్రం ఉస్తానమ్మతో చెప్పాను.

"ఊకుండుడు గాదు బిడ్డా ఇది. వినుడు" అంది. "ఆఖరుదాంక ఎవలు ఆగగలరో వాళ్ళనే ఆఖర్న పిలుస్త. అందర్ని పిలువ" అంది.

బడి ముగించి వెళ్ళిపోయే పిల్లలకు కాగితాలూ మార్కులూ ఉండేవి కావు. చివరిరోజు ఈ ఆటే. ఆ రోజు పిలుపు విన్నవాళ్ళు వాకిట్లో ఆగరు. ఉస్తానమ్మ పక్కనుంచి నడిచి, చిన్న దర్వాజ దాటి గల్లీలోకి పోవాలి. అక్కడ ఇంటివాళ్ళు నిలబడి ఉంటారు. మళ్ళీ లోపలికి రావడం లేదు. అదే సెలవు. మా ఏడు నన్ను చివర పిలిచింది. లేచి తలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఖాళీ గదిలో గోడ పక్కన ఆయాబీ ఒక్కతే కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. కునుకు పట్టిందనుకున్నాను. ఉస్తానమ్మ పక్కనుంచి నడిచి బయటికి పోయాను.

తర్వాత పెద్ద బడి. అక్కడ ఉర్దూలో పాఠాలు. తరగతి నిండా పిల్లలు, ముందు ఒక మాస్టర్ సాబ్, బల్ల మీద బెత్తం. మొదటిరోజు ఆయన నదుల గురించి చెబుతున్నాడు. గోడ మేకుకు చుట్టిన పటం వేలాడుతోంది. నేను లేచి వెళ్ళి, ఆ పటం రెండు చేతులతో దించి, నేలమీద పరిచి, దాని ముందు కూర్చుని గోదావరి మీద రెండువేళ్ళు పెట్టి పోనిచ్చాను. చాపల బడిలో చదివినవాడు తప్ప ఇంకెవరూ చేయని పని అది.

తరగతి ఒక్కసారి చప్పుడు మానేసింది. మాస్టర్ సాబ్ వచ్చి నా నెత్తిన నిలబడ్డాడు.

"క్యా కర్‌రే మియా?"

ఏం చేస్తున్నానో కనబడుతూనే ఉంది కదా అనుకున్నాను. "నది చూస్తున్న సాబ్" అన్నాను తెలుగులో.

అందరూ గొల్లుమన్నారు. ఎవర్ని అడిగి లేచావన్నాడు. ఎవరి చేతిలో లేదు కదా అని తీసుకున్నానన్నాను. కుడి చెయ్యి చాపమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అంతమందిలో ఒకడు లేస్తే అందరూ లేస్తారని ఆయన భయం. కొట్టినంతసేపూ నేను కారణం కోసం వెతుక్కున్నాను. దెబ్బలు అయిపోయాక పటాన్ని ఒత్తుగా చుట్టి, మళ్ళీ అదే మేకుకు తగిలించి వచ్చి కూర్చున్నాను. దానికి ఇంకోసారి నవ్వారు.

సాయంత్రం నేరుగా ఉస్తానమ్మ దగ్గరకు పోయాను. చెయ్యి వాచి వేళ్ళు మూతపడటం లేదు.

"నువ్వు మాకు అంత తప్పు నేర్పినవ్" అన్నాను. నా గొంతు ఎంత పెద్దదంటే కొట్టంలోంచి మామ పరుగెత్తి వచ్చాడు.

ఉస్తానమ్మ నేను మొదట్లో నీళ్ళు పోసిన చెంబు తెచ్చింది. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని దానిమీద నీళ్ళు పోసింది. చాలాసేపు పోసింది. ఆయాబీ ఇంకో చెంబు నింపి తెచ్చింది.

"తప్పు నేర్పలే బిడ్డా" అంది చివరికి. "చెప్పుడు మరిచిన. బయట గిట్ల ఉండదని చెప్పుడు మరిచిన."

మర్నాడు నేను బెంచీ మీద కూర్చుని కిటికీలోంచి చూస్తే, పెద్ద బడి ప్రహరీ పక్కన ఉస్తానమ్మ కూర్చుని ఉంది. లోపలికి రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఎండలో మోకాలు చాపుకుని, మేము లేచి నిలబడటం, గొంతెత్తి ఎక్కాలు అరవడం, కూర్చోవడం, బెత్తం లేవడం చూస్తూ కూర్చుంది. అడగొద్దు, కూసొని చూడు అని మాకు చెప్పిందే ఆమె చేస్తోందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ ఏడునుంచి ఆమె బడిలో కొత్త రివాజు మొదలైంది. వెళ్ళిపోయే పిల్లల కోసం, చివరిరోజు పొద్దున, పాత విద్యార్థి ఒకరిని పిలిపించేది. వాళ్ళు వచ్చి చాప మీద కూర్చుని బయట ఎట్లా ఉంటుందో చెప్పేవారు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం పెట్టినవాడు వచ్చాడు. దవాఖానలో రోగులకు కట్లు కట్టే అమ్మాయి వచ్చింది. తపాలా ఆఫీసులో పని చేసేవాడు వచ్చాడు. నేను ఏడో జమాత్‌లో తప్పి, అదే ఏడు నాన్నకు పక్షవాతం వస్తే ఊరికి పోయి నాగలి పట్టుకున్నాను. పట్నం వచ్చినప్పుడల్లా ఉస్తానమ్మ దగ్గర కాసేపు కూర్చునేవాణ్ణి. చాయ్ సాసర్ పక్కన పెట్టి పంటల గురించి అడిగేది. ఆ రివాజుకు మాత్రం నన్నెప్పుడూ పిలవలేదు. తప్పినవాణ్ణి ఏం పిలుస్తుందిలే అనుకున్నాను.

ఈ ఏడు మామ తెచ్చిన రెండో కబురు అదే. "ఈసారి నువ్వు రా. నీ చెయ్యి మానింది గద."

చెప్పినరోజుకు నేను వచ్చాను. ఆమె లేదు.

"పోరగాండ్లు రోజు వస్తున్నరు అల్లుడా" అంది అత్త. "ఇండ్లకు పోండ్రి అంటే పోతలేరు. చాపలు పరుసుకుంటరు, కూసుంటరు. చెక్కలన్ని సికింద్రాబాద్‌ల ఏదో మిషన్ బడికి ఇస్తరంట, బండి వస్తదంట. ఆయాబీకి మా కొట్టం పక్కన అర్ర ఉన్నది, గాన్నే ఉంటది. గని గా దినం కెల్లి ఒక్క మాట మాట్లాడలే. నేను పిలిస్తే పలుకుత లేదు."

గదిలోకి పోయాను. వెళ్ళిపోవాల్సిన ఎనిమిది మందీ చాపల మీద ఉన్నారు. చిన్నపిల్లల్ని ఇళ్ళదగ్గరే ఆపినట్టున్నారు. అల్మారాలో వస్తువులన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆయాబీ గోడ పక్కన కూర్చుని ఉంది. నేను సలాం చేస్తే చెయ్యెత్తింది, మాట లేదు.

ఆ ఎనిమిది మందిలో నర్సు అనే పిల్ల నా కుడి చెయ్యి వైపు చూసింది. "నువ్వేనా చెయ్యి వాసిన అన్నవు?"

నాకు అర్థం కాలేదు.

"ఉస్తానమ్మ ఏడేడు చెప్తది గద, పటం దించి దెబ్బలు తిన్న అన్న అని. ఏదీ, చూపియ్యి."

చెయ్యి చాపాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తిరగేసి చూశారు.

"ఏం లేదు గద!" అన్నాడు కరీం అనేవాడు, చాలా నిరాశగా. "ఇవి నాగలి కాయలు. మా తాతకు గూడ ఉన్నయి."

అప్పుడు నాకు తెలిసింది. ఆమె నన్ను పిలవలేదు గానీ, ఏ ఏడూ మరవలేదు.

పూల్ మీద కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్కడ చాపలుండవు, బెంచీలుంటాయి. అడగకుండా లేవకండి. అందర్నీ అరవమన్నప్పుడు అరవండి, అందులో నామోషీ లేదు. పటం గోడమీదినుంచి దింపకండి, కూర్చున్నచోటినుంచే చూడండి, మనకు చూడటం వచ్చు. మాస్టర్‌తో నీళ్ళే చెప్తయని అనకండి.

"మల్ల దెబ్బలు పడితే?" అన్నాడు ఎలీషా అనే పిల్లవాడు.

"పడతయ్. పడ్డప్పుడు ఈడ నేర్సింది తప్పనుకోకుండ్రి. నేను గట్లనే అనుకొని మస్తు రోజులు పాడు చేసుకున్న."

"నువ్వు ఏడో జమాత్‌ల ఫేలైనవంట గద?" అంది నర్సు.

"అయిన."

"గట్లయితే గిదంత ఏం పనికొచ్చింది?"

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నిజంగా అడిగింది. నేను నిజం చెప్పాలని చూశాను. నాగలి సాలు వంకరపోతే మా నాన్న వెనకనుంచి తిట్టేవాడు, ఇప్పుడు ఆయన మంచంలో ఉన్నాడు, తిట్టేవాళ్ళు లేరు, అయినా సాలు నాకు తనే చెప్తుంది అన్నాను. మోట దగ్గర నా వంతు వచ్చేదాకా కూర్చోగలనన్నాను. అంతకంటే పెద్దది నా దగ్గర లేదన్నాను. ఆమె తల ఊపింది. ఒప్పుకుందో, జాలి పడిందో తెలియదు.

తర్వాత కరీం అడిగాడు. అందరూ పొద్దుటినుంచీ అడగాలనుకుంటున్నది అదేనని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.

"ఉస్తానమ్మ లేదు గద. మల్ల మమ్ముల ఎవరు పిలుస్తరు?"

ఎవరూ పిలవకపోతే వాళ్ళు వెళ్ళలేరు. నాకూ ఆ గదిలో పెరిగినవాడిగా ఆ సంగతి అర్థమైంది. గల్లీలో తల్లిదండ్రులు వచ్చి నిలబడి ఉన్నారు. లోపలికి వచ్చి రెక్క పట్టుకుని తీసుకుపోవచ్చు. ఒక్కరు కూడా గడప దాటలేదు.

"నువ్వే పిలువు అల్లుడా" అంది అత్త వాకిట్లోంచి.

"నా గొంతు నీకెరుకనే గద అత్తా."

"ఇంకెవలున్నరు?"

ముందు ఇసుక పళ్ళెంలో పోశాను. నర్సు అరచేతితో దాన్ని చదును చేసింది. ఏమీ రాయలేదు. అందరూ వాళ్ళ చాపలు చుట్టి మూలన నిలబెట్టి, వరుసగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను వాకిట్లోకి వచ్చి తలుపు ఓరగా వేశాను. ఉస్తానమ్మ పీట ఉంది. దానిమీద కూర్చోలేక పక్కన నిలబడ్డాను.

"ఎలీషా" అన్నాను.

కొట్టంలో ఒక బర్రె తల తిప్పి చూసింది. లోపల కిసుక్కుమని నవ్వులు.

"గట్ల గాదన్నా" అని నర్సు గొంతు వచ్చింది. కళ్ళు మూసుకునే ఉంటుంది. "గాలి లెక్క."

ఊపిరి తీసుకుని, సగం వదిలి, మిగిలిన సగంతో ఆ పేరు మళ్ళీ అన్నాను. నాకే వినబడలేదు. కానీ తలుపు కదిలి ఎలీషా బయటికి వచ్చాడు. పీట దగ్గర ఒక్క క్షణం ఆగి, దాని పక్కనుంచి నడిచి దర్వాజ దాటాడు. గల్లీలో ఎవరో ఆడమనిషి వాణ్ణి దగ్గరకు తీసుకున్న గాజుల చప్పుడు.

ఒక్కొక్కరినీ పిలిచాను. కరీం వచ్చేటప్పుడు ఏడుస్తున్నాడు, చప్పుడు రాకుండా పెదవి కొరుక్కుని. నర్సును చివరికి ఉంచాను. ఎందుకో ఉస్తానమ్మకు తెలిసి ఉండేది. ఆమె వచ్చి, పీట వైపు, నా వైపు చూసి, మెల్లగా తల వంచి వెళ్ళిపోయింది. గల్లీ ఖాళీ అయింది.

నర్సూ, కరీం, ఎలీషా, మిగతా అందరూ. మీరు వెళ్ళాక ఏమైందో మీరు చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పీట తీసి గోడకు ఆనించబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకొకరున్నరు గద" అంది.

తలుపు సందులోంచి చూశాను. ఖాళీ గదిలో ఆయాబీ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. వీపు నిటారుగా ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. మొహం కొంచెం ఎత్తి, ఒక చెవి తలుపు వైపు పెట్టి ఉంది. నా చిన్నప్పుడు తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది ఇదే. అప్పుడూ ఆమె నిద్రపోలేదు.

"ఏడేడు పిల్లలందరు వోయినంక ఆమెను గూడ పిలుస్తుండె" అంది అత్త. "పేరుతోనే పిలుస్తుండె. అప్పుడు లేచొచ్చి, ఇద్దరు గీ వాకిట్ల కూసొని చాయ్ తాగుతుండిరి."

"ఆమె పేరేంది అత్తా?"

అత్త నా చెయ్యి వదిలింది.

"ఏమో బిడ్డా. నాకేడికెల్లి వినబడ్తది? ఇన్నేండ్లాయె, ఆయాబీ అనే అంటిమి. నీ మామ గూడ గంతే. ముందుటికెల్లి ఎవ్వల్లేరు ఆమెకు. ఉస్తానమ్మకే ఎరుక."

ఆయాబీ అని పిలుద్దామని పెదవుల దాకా తెచ్చుకున్నాను. అది అందరం గదికి ఈ చివరనుంచి ఆ చివరకు అరిచిన మాట. ఊపిరితో అనడానికి ఆ మాట పనికి రాలేదు. ఆమె ఎదురు చూస్తున్నది అది కాదు. తలుపు తీసి లోపలికి పోయి పేరేమిటని అడగవచ్చు. ఆమె అంత గట్టిగా వింటుంటే నా కాలు కదలలేదు.

నేను పీట పక్కనే నిలబడ్డాను. ఎండ వాకిలి దాటి కొట్టం వైపు జరిగింది. పాలు పితికే వేళ అయింది. బర్రెలు మెడలు తాళ్ళకు రుద్దుకుంటున్నాయి. అత్త బకెట్ తీసుకుంది. పిడి కింద పడి ఠంగుమనకుండా దాన్ని రెండో చేత్తో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ కొట్టంలోకి పోయింది.